పై అంతస్తులో పిండి

తెల్లవారుజామున మూడింటికి
నా నడినెత్తిన మొదలవుతుంది:
ధబ్. వెంటనే సన్నగా, టక్.
ధబ్. టక్.
మొదటి శీతాకాలం ఓర్చుకున్నాను.
రెండోదానికి ఫిర్యాదు కాగితం రాసి, మడిచి
కోటు జేబులో పెట్టుకుని మరిచిపోయాను.

ముప్పై ఎనిమిదేళ్లు లిఫ్టులు బాగుచేసినవాణ్ణి.
తలుపు తీయకుండా, చెవి ఆనించి
ఏ చక్రం అరిగిందో ఏ తాడు వదులైందో చెప్పినవాణ్ణి.
పిండి చప్పుడు చదవడం నాకెంతసేపు?
ఎడతెగకుండా బాదితే ఆ రాత్రి ఎక్కడో మంటలు.
మెత్తగా, ఆగి ఆగి పిసికితే
ఏమీ జరగకపోయినా ఊరికే ఒక గొంతు వినాలని
ఆపద నంబరు నొక్కిన ముసలివాళ్లు.
ఆ టక్ మాత్రం ఏమిటో అంతుపట్టలేదు.

పైనావిడ పేరు హిల్కా.
కువోపియో ఊరి చివర
ఆపద ఫోన్లెత్తే ఆఫీసులో రాత్రి రెండింటిదాకా డ్యూటీ.
ఆరింటికి నా తలుపు పిడికి ఒక సంచి వేలాడుతుంది.
లోపల వేడివేడిగా మూడు పాయల జడరొట్టె,
మీద పంచదార పలుకులు,
అడుగున ఎప్పుడూ కాస్త మాడు.
పక్కన చీటీ: చప్పుడుకి మన్నించండి.
ఓసారి దాని వెనకే రాసి పంపాను:
కింది మంట ఎక్కువ, ట్రే ఒక అర పైకి జరపండి.
జరపలేదు.
నాకు మాడంటే ఇష్టమనుకుందో ఏమో.

జనవరిలో ఒక రాత్రి
మూడయింది. చప్పుడు లేదు.
మూడున్నర.
గడ్డకట్టిన సరస్సు ఎక్కడో బీట తీస్తూ మూలిగింది,
అదీ వినబడింది.
పైన కుర్చీ ఒకసారి జరిగింది, అంతే.
అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే పుట్టే నిశ్శబ్దం నాకు తెలుసు,
ఖాళీ లిఫ్టుది ఒకలా ఉంటుంది,
లోపల మనిషి ఉన్నది ఇంకోలా.

కోటు తొడుక్కుని మెట్లెక్కాను.
తలుపు తీసింది. నెత్తిమీద
హెడ్‌ఫోను నొక్కిన గీత ఇంకా పోలేదు.
బల్లమీద పిండి కుప్ప, గిన్నెలో చల్లారిన పాలు.

"ఒక పిల్లాడు," అంది. "ఎనిమిదేళ్లుంటాయి.
అమ్మ లేవట్లేదన్నాడు.
చేతులు ఎక్కడ పెట్టి నొక్కాలో చెప్పాను.
ఇద్దరం కలిసి లెక్కపెట్టాం.
అంబులెన్సువాళ్లు తలుపు తట్టారు, తీయడానికి పరిగెత్తాడు.
లైను తెగింది.
తర్వాత ఏమైందో మాకెవరూ చెప్పరు.
పదకొండేళ్లుగా నా కథలన్నీ
ఎవరో ఒకరి గుమ్మం దగ్గరే తెగిపోతున్నాయి."

నా దగ్గర మాటేమీ లేదు.
చిన్న రాతి కల్వంలో ఒలిచిన ఏలకులున్నాయి.
దంచడం మొదలుపెట్టాను.
నాలుగు పోట్లకి వాసన లేచింది,
ఆవిడ తల తిప్పింది.
లేచి పాలు మళ్లీ వెచ్చబెట్టింది.
ఈస్టు వేశాను.
ఆమె ముందే వేసిందని నాకు తెలీదు.

"కొట్టండి," అంది, సగం ముద్ద నా ముందుకు తోసి.
కొట్టాను, నా ఇంటి కప్పుమీద నేనే.
మొదట జిగట, వేళ్లు పట్టుకుని వదలదు,
మొండి అల్లుడిలా ఎటు తోస్తే అటు రానంటుంది.
పావుగంటకి చెవితమ్మెలా మెత్తబడింది.
నా నడుం మాత్రం బిగిసింది.
ఆవిడ ముద్దలో ఇంకా కోపముంది.
బాదనిచ్చాను.
ధబ్. టక్.
అప్పుడు దొరికింది: బల్లకి ఒక కాలు పొట్టి.
జేబులో చెయ్యి పెడితే మడత కాగితం.
నాలుగు మడతలు ఆరు చేసి కాలి కింద దోపాను.
ఏం కాగితమని ఆవిడ అడగలేదు.

గుడ్డ కప్పి గంటసేపు కూర్చున్నాం.
కిటికీలో చీకటి కదల్లేదు,
గుడ్డ కదిలింది.
పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ
రెండుసార్లు పడ్డ ఈస్టు సామెతలు వినదు.
జడ ట్రే దాటి, ఓవెను గోడకి భుజం ఆనించి
ఒక పాయ విప్పుకుని నిలబడింది.
హిల్కా గాజు తలుపు ముందు గొంతుక్కూర్చుని
రంగు మారడం చూస్తూనే ఉంది,
రెప్ప వేస్తే అది కూడా తెగిపోతుందన్నట్టు.

బయటికి తీసి, తిరగేసి
వేలిముడితో అడుగు తట్టింది.
బోలుగా మోగింది.
"అయింది," అంది.
ఇంకోసారి తట్టి, విని,
"అయింది."

మాడిన వైపు విరిచి నాకిచ్చింది.